తలుపు ఎత్తేది మోటారు కాదు

ఆ అట్టపెట్టె మా మనవరాలి ఇల్లు. కొత్త డిష్‌వాషర్ వచ్చిన పెట్టె అది. కిటికీలు కావాలంటే నేనే చాకుతో రెండు కోసిచ్చాను. ఆ సాయంత్రం దాన్ని గరాజ్ గుమ్మంలో, సగం లోపలా సగం బయటా ఉండేట్టు పెట్టుకుని, అందులో కూర్చుని బొమ్మలు వేసుకుంటోంది. రంగు పెన్సిళ్ళ కోసం ఇంట్లోకి పరిగెత్తింది. వెళ్తూ వెళ్తూ అలవాటు కొద్దీ గోడకున్న మీట నొక్కేసింది. నేను బయట గులాబీ మొక్కలకి నీళ్ళు పెడుతున్నాను. పదహారడుగుల తలుపు గడగడమంటూ కిందికి దిగింది. పెట్టె తగలగానే ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. పెట్టెని నేను కోసిన కిటికీల దాకా అణిచేసింది. మోటారు ఒక్కసారి మూలిగింది. అప్పుడు పైకి లేచింది తలుపు.

పిల్లకి ఆరేళ్ళు. నిమిషం క్రితం ఆ పెట్టెలోనే ఉంది.

నేను ఆర్టీసీలో మెకానిక్‌గా చేరి, ముప్పై మూడేళ్ళు చేసి రిటైరయ్యాను. గ్యారేజ్ అంటే మాకు డిపోలో బళ్ళు బాగుచేసే చోటు. టెక్సస్‌లో ఫ్రిస్కో అనే ఊళ్ళో మా అమ్మాయి వాళ్ళకి అది ఇంట్లో ఒక గది. పలకడం కూడా వేరు, గరాజ్ అంటారు. అందులో కార్లుంటాయి. కార్లతో పాటు రెండో ఫ్రిజ్, సోనా మసూరి సంచులు, చెప్పుల స్టాండు, పండగలకి తీసే పెద్ద గిన్నెలు కూడా ఉంటాయి. వీధి తలుపు చుట్టాలొస్తేనే తీస్తారు. ఇంట్లోవాళ్ళ రాకపోకలన్నీ గరాజ్ తలుపు కిందనుంచే. ఆ ఇంట్లో దానికన్నా పెద్దదీ, దానికన్నా బరువైనదీ కదిలే వస్తువు ఇంకోటి లేదు. అది రోజూ అందరి నెత్తిమీదుగా పైకీ కిందికీ తిరుగుతూ ఉంటుంది. అయినా అది ఎలా పనిచేస్తుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. మిక్సీ జారు మూత పగిలితే ఆ రోజే కొత్తది తెస్తారు. ఈ తలుపుని పలకరించిన వాళ్ళు లేరు.

అందుకే ఇది రాస్తున్నాను. నాలాగా ఆరేసి నెలలు పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చే అమ్మానాన్నలు మన ఊళ్ళల్లో ఇంటింటికీ ఉన్నారు. పగలంతా మనవలతో ఆ ఇంట్లో ఉండేది మనమే. ఆ తలుపు ముందు నిలబడేదీ మనమే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇలాంటి తలుపు అడ్డం తగిలినా అలా నొక్కుతుందంటే ఎక్కడో తేడా ఉంది. పొద్దున్నే స్టూలు వేసుకుని పైన మోటారు దగ్గర చూశాను. మోటారు పక్కన దూలానికి రెండు చిన్న నల్ల డబ్బాలు, ఒక్కోటీ అగ్గిపెట్టెంత, జానెడు దూరంలో ఒకదానికొకటి ఎదురుగా టేపు చుట్టి ఉన్నాయి. ఒకదానికి పసుపు దీపం, ఇంకోదానికి పచ్చ దీపం వెలుగుతున్నాయి. ఇవి ఇక్కడెందుకున్నాయో అర్థం కాలేదు. మోటారు మీదున్న నంబరు చెబితే మా అమ్మాయి దాని పుస్తకం ఫోన్‌లో వెతికి ఇచ్చింది. చదివేసరికి ఒళ్ళు చల్లబడింది.

ఆ రెండూ తలుపుకి కళ్ళు. గుమ్మానికి అటొకటి ఇటొకటి, నేలకి ఆరంగుళాల ఎత్తు మించకుండా ఉండాలి. ఒకటి కంటికి కనపడని వెలుగు పంపిస్తుంది, ఇంకోటి అందుకుంటుంది. తలుపు దిగుతుండగా మధ్యలో పిల్లో, కుక్కపిల్లో, కారు టైరో అడ్డం వచ్చి ఆ వెలుగు తెగితే, తలుపు ఎవరికీ తగలకముందే వెనక్కి తిరిగి పైకి వెళ్ళాలి. ఈ ఏర్పాటు ఊరికే రాలేదు. 1982 మార్చి తర్వాత పదేళ్ళ పైచిలుకులో రెండేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు దాదాపు 60 మంది ఈ మోటారు తలుపుల కింద చిక్కుకుని చనిపోయారని అమెరికా ప్రభుత్వ వినియోగదారుల రక్షణ కమిషన్ చెప్పింది. 1990లో అక్కడి పార్లమెంటు చట్టం చేసింది. 1993 జనవరి 1 నుంచి తయారయ్యే ఇళ్ళ మోటార్లన్నిటికీ, తగిలితే వెనక్కి తిరిగే గుణంతో పాటు ఇలాంటి రెండో రక్షణ కూడా ఉండి తీరాలి. కళ్ళున్న మోటారుకి అవి ఒకదాన్నొకటి చూసుకోకపోతే మీట నొక్కినా తలుపు పూర్తిగా దిగదు. దీపం టపటపా కొట్టుకుని మొరాయిస్తుంది.

మా అమ్మాయి వాళ్ళు ఇల్లు రెండో చేతిమీద కొన్నారు. ముందున్నవాళ్ళకి తలుపు మొరాయించి ఉంటుంది. ఎందుకు మొరాయిస్తోందో చూడకుండా, ఆ కళ్ళు రెండూ ఊడబెరికి, ఎదురెదురుగా కట్టి, పైన దూలానికి అంటించేశారు. వాటి మధ్య ఎప్పుడూ ఏదీ అడ్డం రాదు కాబట్టి తలుపు ఎప్పుడూ దిగుతుంది. కింద ఎవరున్నా దిగుతుంది. నాలుగేళ్ళుగా మా పిల్ల ఆ తలుపు కింద ఆడుకుంది. మీరు పిల్లల ఇంటికి వెళ్ళిన మొదటి రోజే, సూట్‌కేసు విప్పకముందే, ఆ రెండు కళ్ళు గుమ్మం పక్కన నేల దగ్గరే ఉన్నాయో లేదో వంగి చూడండి.

టేపు కోసి వాటిని గుమ్మం దగ్గర బిగించాం. అప్పుడు తెలిసింది అసలు రోగం. పొద్దున్న బాగా పనిచేసింది, సాయంత్రం నాలుగింటికి మొరాయించింది. మళ్ళీ రాత్రి బాగుంది. గరాజ్ పడమటి ముఖం. అప్పుడు డిసెంబరు. చలికాలం పొద్దు దక్షిణానికి వాలి ఉంటుంది. వెలుగు అందుకునే కన్ను ఉత్తరం గోడకుంది, దక్షిణానికి తిరిగి. మధ్యాహ్నం దాటాక ఎండ నేరుగా దాని కంట్లో పడుతోంది. ఎదురుగా వచ్చే సన్నటి వెలుగుని ఆ ఎండలో అది గుర్తుపట్టలేకపోతోంది. రెంటినీ అటుదిటూ ఇటుదటూ మార్చాం. అందుకునేది దక్షిణం గోడకి పోయింది, ఎండకి వీపు పెట్టింది. ఎండాకాలం సాయంత్రాల సంగతి ఆలోచించి దాని ముందు మూడంగుళాల అట్ట గొట్టం ఒకటి గొడుగులా అంటించాను. గంటలో అయిపోయిన పని. ఆ గంట పనికి బద్ధకించి ముందువాళ్ళు తలుపు కళ్ళు పీకేశారు.

ఈ కళ్ళకి మామూలుగా వచ్చే జబ్బులు చిన్నవే. చీపురు తగిలి పక్కకి తిరుగుతాయి. సాలెగూడు కడుతుంది. దుమ్ము పడుతుంది. మెత్తటి పొడిబట్టతో అద్దం తుడిచి, పచ్చ దీపం మిణుకు మిణుకుమనకుండా నిలకడగా వెలిగేదాకా చేత్తో కాస్త తిప్పితే చాలు. ఇంకో మాట. కళ్ళు ఒప్పుకోకపోయినా గోడ మీట వదలకుండా నొక్కి పట్టుకుంటే తలుపు దిగుతుంది. అది మనిషి ఎదురుగా నిలబడి చూస్తూ దించడానికి ఇచ్చిన దారి. కొన్ని ఇళ్ళల్లో అదే అలవాటు చేసుకున్నారు. నొక్కి పట్టుకుంటే గానీ దిగని తలుపు తనకి బాగాలేదని మీకు చెబుతోందని అర్థం.

కళ్ళు ఒక కాపలా. రెండోది స్పర్శ. కళ్ళున్నది నేలకి ఆరంగుళాల మీద. అంతకన్నా కింద పడుకున్న పిల్ల చెయ్యిని అవి చూడలేవు. అందుకని తలుపు దేనికైనా తగిలిందంటే తనంత తానే వెనక్కి పోవాలి. దీన్ని పరీక్ష చెయ్యడానికి ఖరీదైన పనిముట్లేం అక్కర్లేదు. అక్కడ కలప దుకాణంలో ‘టూ బై ఫోర్’ అని చెక్క దొరుకుతుంది. పేరుకి రెండు నాలుగే గానీ కొలిస్తే ఒకటిన్నర అంగుళం మందం, మూడున్నర వెడల్పు. అడుగు ముక్క చాలు. గుమ్మం మధ్యలో నేలమీద పడుకోబెట్టి తలుపు దించాలి. చెక్క తగిలిన రెండు సెకండ్లలోపు తలుపు వెనక్కి తిరగాలి. మేము పెట్టి చూస్తే మా తలుపు చెక్క మీద కూర్చుని అలాగే ఉండిపోయింది. కదల్లేదు. ఆ చెక్క స్థానంలో ఏం ఉండొచ్చో నేను చెప్పక్కర్లేదు.

మోటారుకి రెండు సర్దుబాట్లుంటాయి. ఎంత దూరం దిగాలన్నది ఒకటి, ఎంత బలంగా నొక్కాలన్నది ఒకటి. తలుపు ఎక్కడో పట్టేసి బరువుగా నడుస్తుంటే, దాన్ని బాగు చెయ్యకుండా బలం పెంచేస్తారు. పట్టేసినదాన్ని బలంతో తోసేద్దామన్న ఆలోచన డిపోలో కొత్త కుర్రాళ్ళకీ వచ్చేది. పుస్తకం చూసుకుంటూ దూరం సరిచేసి, బలం తగ్గించి, మళ్ళీ చెక్క పెట్టాం. నాలుగోసారికి తగలగానే లేచింది. సర్దినా లేవకపోతే ఆ మోటారుని ఇక నమ్మకూడదు. ప్లగ్గు పీకి, మనిషి వచ్చి బాగు చేసేదాకా తలుపుని చేత్తోనే వాడుకోవాలి. 1993కి ముందుదైతే మార్చెయ్యడమే. ఈ రెండు పరీక్షలూ, కంటిదీ చెక్కదీ, నెలకోసారి చెయ్యాలి. బస్సు డిపో నుంచి బయటికి పోయేముందు బ్రేకు చూస్తాం. నిన్న పట్టింది కదా అని ఇవాళ వదిలెయ్యం.

ఇక అసలు సంగతికి వస్తాను. చాలామంది, మా అల్లుడితో సహా, తలుపుని మోటారే ఎత్తుతుందనుకుంటారు. అమెరికాలో సి.జి. జాన్సన్ అనే ఆయన 1921లో పైకి లేచే తలుపు కనిపెట్టి, 1926లో దానికి కరెంటు మోటారు పెట్టాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా మోటారు పని తోవ చూపించడమే. బరువు మోసేది స్ప్రింగు. పొలాల్లో ఏతం చూసినవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. వెనక కట్టిన రాయి బానతో సమానంగా తూగుతుంది కాబట్టి మనిషి కాస్త చెయ్యి వేస్తే బాన పైకొస్తుంది. ఇక్కడ రాయి బదులు తలుపు నెత్తిమీద అడ్డంగా ఉన్న ఇనుప కడ్డీకి తొడిగిన లావుపాటి స్ప్రింగు. కడ్డీ రెండు చివర్లా డ్రమ్ములు, వాటినుంచి స్టీలు తాళ్ళు తలుపు అడుగు మూలలకి. తలుపు మూసి ఉన్నప్పుడు స్ప్రింగు గట్టిగా మెలితిరిగి ఉంటుంది. తలుపు లేస్తుంటే ఆ మెలి విడుతూ ఎత్తుతుంది. మా తలుపు బరువు 80 కిలోలు. స్ప్రింగు బాగుంటే నా మనవరాలు ఒక చేత్తో ఎత్తగలదు. అంత బలమూ రాత్రీ పగలూ ఆ స్ప్రింగులో దాచిపెట్టి ఉంటుంది, మూసిన తలుపు మీద, మనం చెప్పులు విప్పే చోటికి సరిగ్గా పైన.

అది బాగుందో లేదో తెలుసుకోవడం సులువే. తలుపు పూర్తిగా మూసి ఉండగా, మోటారు పట్టా నుంచి వేలాడే ఎర్రతాడు లాగితే తలుపుకీ మోటారుకీ లంకె విడిపోతుంది. అప్పుడు చేత్తో నెమ్మదిగా నడుం ఎత్తు దాకా లేపి, చెయ్యి దగ్గరే ఉంచుకుని వదలాలి. ఉన్నచోటే నిలబడితే తూకం సరిగ్గా ఉన్నట్టు. కిందికి జారిపోతుంటే స్ప్రింగు అలిసిపోయింది. పైకి ఎగిరిపోతుంటే మెలి ఎక్కువైంది. రెంటికీ మనం చెయ్యగలిగిందేమీ లేదు, పనివాణ్ణి పిలవడమే. మాది జారింది. పిలుద్దాంలే, పండగ అయ్యాక, అనుకున్నాం. ఆ ఆలస్యం తప్పు.

సంక్రాంతి వెళ్ళిన మూడో రోజు తెల్లవారుజామున గరాజ్‌లో లారీ టైరు పేలినంత చప్పుడైంది. ఇల్లంతా లేచింది. లైటు వేసి చూస్తే అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. మా అల్లుడు మీట నొక్కితే తలుపు బెత్తెడు లేచి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ అంతే. “వద్దు బాబూ, నొక్కకండి” అని టార్చి తెప్పించి పైకి చూశాను. రెండు స్ప్రింగుల్లో కుడిపక్కదాని చుట్ల మధ్య రెండంగుళాల ఖాళీ. విరిగింది. విరిగిన స్ప్రింగుతో మోటారుని పదేపదే తిప్పితే లోపలి పళ్ళ చక్రం అరిగి అది కూడా పోతుంది.

మామూలు స్ప్రింగు పదివేల సార్లు తెరిచి మూసేందుకు లెక్కకట్టి చేస్తారు. రోజుకి నాలుగుసార్లయితే ఏడేళ్ళు. ఈ ఇంట్లో స్కూలు, ఆఫీసు, కూరలు, పార్కు, చెత్తబుట్ట, అన్నిటికీ అదే దారి. నేనొక రోజు లెక్కపెడితే తొమ్మిదయ్యాయి. ఆ లెక్కన మూడేళ్ళు గట్టిగా.

పొద్దున్న ఏడయ్యేసరికి మా అల్లుడు ఫోన్ పట్టుకొచ్చాడు. “మావయ్య గారూ, చూడండి, ఈ వీడియోలో గంటలో మార్చేశాడు. స్ప్రింగులూ కడ్డీలూ రేపటికల్లా వచ్చేస్తాయి. మీరున్నారు కదా, ఇద్దరం కలిసి చేసేద్దాం.”

ఆ కుర్రాడు మంచివాడు. నా చేతిమీద నమ్మకంతో అడిగాడు. అయినా ఒప్పుకోలేదు. “బాబూ, ముప్పై మూడేళ్ళు పానాలు పట్టిన చేతులివి. ఈ పని నేను చెయ్యను. మిమ్మల్ని చెయ్యనివ్వను.”

ఎందుకో అప్పుడు ఆయనకి చెప్పాను, ఇక్కడా చెబుతాను. ఉద్యోగంలో చేరకముందు నేను ఒక టైర్ల షెడ్డులో పని నేర్చుకున్నాను. అప్పట్లో లారీ చక్రాలకి లాక్ రింగు ఉండేది. టైరుని రిమ్ము మీద నిలబెట్టే ఇనుప రింగు. అది గాడిలో సరిగ్గా కూర్చోకుండా గాలి కొడితే ఎగిరిపోతుంది. నాకు పని నేర్పిన ఆయన ఆ పని కొన్ని వేలసార్లు చేసినవాడు. ఒక మధ్యాహ్నం, అన్నానికి వెళ్ళే తొందరలో, చక్రం ముందు కూర్చుని గాలి పట్టాడు. నేను పంపు దగ్గరున్నాను. రింగు వెళ్ళడం నేను చూడలేదు. పైన రేకులో పడిన కంత చూశాను, ఆ తర్వాత ఆయన చెయ్యి చూశాను. ఆయన మళ్ళీ పానా పట్టలేదు. బిగపట్టి ఉన్న బలం ఎదురుగా కూర్చున్నవాడి అనుభవాన్ని లెక్కచెయ్యదని ఆ రోజు నేర్చుకున్నాను. తెలిసిన పని వేరు, తెలిసినట్టుండే పని వేరు. బస్సు కమాను కట్టలు నాకు తెలుసు. తలుపు స్ప్రింగుకి మెలి పెట్టే పని నాకు తెలియదు.

మధ్యాహ్నానికి పనివాడు వచ్చాడు. ముప్పై ఏళ్ళుండవు. నేను కుర్చీ వేసుకుని దూరంగా కూర్చుని చూశాను. ముందుగా మోటారు ప్లగ్గు పీకాడు. తలుపు పైకి ఎగరకుండా పట్టా మీద, చక్రానికి పైన, ఒక పట్టకారు బిగించాడు. విరిగినదాన్ని వదిలేసి, విరగని ఎడమ స్ప్రింగుకున్న మెలి ముందు విప్పాడు. దాంట్లో అప్పటికీ బలం ఉంది. స్ప్రింగు చివరి దిమ్మకి నాలుగు కన్నాలుంటాయి. వాటిలో సరిగ్గా పట్టే రెండు ఉక్కు కడ్డీలు అతని దగ్గరున్నాయి. ఒకటి కన్నంలో ఉండగానే రెండోది పక్క కన్నంలో పెడతాడు, పావు చుట్టు తిప్పుతాడు, మొదటిది తీస్తాడు. రెండు కడ్డీలూ ఒకేసారి బయట ఉన్న క్షణం లేదు. మొహం కడ్డీకి ఎదురుగా ఎప్పుడూ లేదు, నిచ్చెన పక్కకి వేసుకుని ఒంటిని పక్కకే పెట్టుకున్నాడు. కొత్తవి రెండూ తొడిగి మెలి పెట్టేటప్పుడు నేను లెక్కపెట్టాను. ఒక్కోదానికి ముప్పై పావు చుట్లు. ఆఖరి నాలుగైదింటికి అతని చేతుల మీద నరాలు పైకి లేచాయి. స్ప్రింగు పొడుగునా తెల్లగా ఒక గీత గీసి ఉంది. మెలి పడేకొద్దీ ఆ గీత కడ్డీ చుట్టూ తీగలా అల్లుకుంది. ఎన్ని చుట్లు పడ్డాయో దాన్ని చూసి చెప్పొచ్చు. వీడియో చూసి ఇంట్లో చేసేవాళ్ళు ఆ కడ్డీల బదులు స్క్రూడ్రైవర్లు పెడతారట. అవి కన్నంలో జారతాయి. అంత మాత్రం చాలు.

వెళ్ళేముందు అతను తలుపు అడుగు మూలల్లో ఉన్న బిళ్ళలు చూపించాడు. వాటి బోల్టులకి ఎర్ర రంగు. స్టీలు తాళ్ళు పట్టుకునేది అక్కడే, స్ప్రింగు బలమంతా వాటిమీదే ఉంటుంది. ఎర్ర బోల్టు కనపడితే పానా పెట్టకూడదు. తాడు పోగులు విడుతున్నా మన పని కంటితో చూసి ఫోన్ చెయ్యడం వరకే. కొన్ని పాత తలుపులకి స్ప్రింగులు అడ్డంగా కాక పట్టాల పక్కన పొడుగ్గా సాగి ఉంటాయి. వాటి మధ్యలోంచి ఒక రక్షణ తాడు పోనివ్వాలి. లేకపోతే విరిగిన ముక్క గరాజ్‌కి అడ్డంగా విసురుగా వస్తుంది. ఆ తాడు ఉందో లేదో చూడటానికి మెకానిక్ అక్కర్లేదు.

మరి మనం చెయ్యగలిగిందేమీ లేదా అంటే, ఉంది. తలుపు పలకల్ని కలిపే కీళ్ళు, చక్రాల ఇరుసులు, స్ప్రింగు చుట్లు, వీటికి ఆరు నెలలకోసారి గరాజ్ తలుపుల కోసమే అమ్మే సిలికాన్ లేదా లిథియం స్ప్రే పలచగా కొట్టాలి. తుప్పు వదలగొట్టడానికి వాడే పలచటి స్ప్రే దీనికి పనికిరాదు, ఉన్న జిడ్డుని కూడా కడిగేస్తుంది. నైలాన్ చక్రాలైతే చక్రానికి కాదు, మధ్యలో బేరింగుకే. పట్టాల లోపల మాత్రం ఏమీ పుయ్యకూడదు. గ్రీజు అలవాటున్న చెయ్యి నాది, మొదటి నెలలో పట్టాలకి పుయ్యబోయాను. పుస్తకంలో వద్దని ఉంది. కారణం వెంటనే తెలిసింది. చక్రం పట్టాలో దొర్లాలి, జారకూడదు. పైగా టెక్సస్ దుమ్ము ఆ జిడ్డుకి పట్టి రాయవుతుంది. పట్టాల్ని తడిబట్టతో తుడిచి వదిలెయ్యాలి. కీళ్ళ స్క్రూలు రోజూ అదురుకి వదులవుతాయి, ఎర్రరంగు లేనివి చేత్తో బిగించుకోవచ్చు. ఇదంతా మోటారు ప్లగ్గు పీకాకే.

మా ఆవిడ సంగతి చెప్పాలి. తలుపు దిగుతుంటే ఆవిడ వెళ్ళి పలకల మధ్య గాడిలో వేళ్ళు పెట్టి కిందికి లాగేది. మనూళ్ళో షట్టరు దించిన అలవాటు. మా తమ్ముడి కిరాణా కొట్టు షట్టరు ఏళ్ళ తరబడి ఆవిడే దించింది. షట్టరు చుట్టుకుంటుంది. ఈ తలుపు నాలుగు పలకలు కీళ్ళతో కలిపింది. వంపు దగ్గర పలకకీ పలకకీ మధ్య వేలు పట్టేంత సందు తెరుచుకుంటుంది, తలుపు నిటారుగా కాగానే ఆ సందు మూసుకుపోతుంది. వేలు లోపలే ఉంటే అంతే. ఒకరోజు ఆవిడ చీర కొంగు ఆ సందులో పట్టి, అరంగుళం చిరిగింది. గుడ్డకి జరిగింది చూశాకే ఆవిడకి నమ్మకం కుదిరింది. చేత్తో తియ్యాల్సివస్తే పిడి ఉంటుంది, అదే పట్టుకోవాలి. దిగుతున్న తలుపుకి సాయం అక్కర్లేదు.

ఎర్రతాడు సంగతి పెద్దవాళ్ళందరికీ తెలియాలి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ని మంచు కప్పేసినప్పుడు డాలస్ దగ్గర ఉష్ణోగ్రత సున్నా ఫారెన్‌హీట్ కిందికి పోయింది, లక్షల ఇళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. మా అమ్మాయి వాళ్ళు అప్పుడు అద్దె ఇంట్లో ఉన్నారు. కారు లోపల, తలుపు మూసి ఉంది, మీట పనిచెయ్యదు. తాడు లాగాలని పక్కింటాయన వచ్చి చెప్పేదాకా తెలియలేదు. కాలిఫోర్నియాలో 2017 కార్చిచ్చుల్లో కరెంటు పోయి, గరాజ్ తలుపు తెరవలేక కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత అక్కడ చట్టం తెచ్చి, 2019 జూలై 1 నుంచి అమ్మే మోటార్లకి బ్యాటరీ ఉండి తీరాలన్నారు. మీ పిల్లలు ఎక్కడున్నా, తాడు ఎక్కడుందో, లాగితే ఏమవుతుందో ఒక పగటిపూట చేసి చూడండి. లాగేది తలుపు మూసి ఉన్నప్పుడే. తెరిచి ఉన్న తలుపుకి స్ప్రింగు విరిగి ఉంటే, తాడు లాగిన మరుక్షణం 80 కిలోలూ కిందికి వస్తాయి.

చేత్తో తెరవడం వచ్చింది కదా అని, మూసిన గరాజ్‌లో కారు వేడెక్కడానికి స్టార్టు చేసి ఉంచడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఆ పొగలో వాసన లేని విషం ఉంటుంది, గరాజ్ గోడకి అవతల పడగ్గది.

గోడ మీట ఐదడుగుల పైన ఉండాలి. మాది నాలుగడుగుల్లో ఉండేది. మా అల్లుడే పైకి మార్చాడు, వైర్లు పన్నెండు వోల్టుల లాంటి తక్కువ కరెంటువి కాబట్టి ఆ పని ఇంట్లో చేసుకోగలిగాం. కారు రిమోట్ పిల్ల చేతికి ఆడుకోడానికి ఇవ్వకూడదు. తలుపు పూర్తిగా దిగి ఆగేదాకా నొక్కినవాళ్ళు అక్కడే నిలబడి చూడాలి. తలుపు దిగుతుంటే కిందనుంచి పరిగెత్తి బయటపడటం అక్కడి పిల్లలకి ఒక ఆట. మా పిల్లని తిట్టలేదు నేను. నలిగిన అట్టపెట్టెని పారెయ్యకుండా పక్కన పెట్టి, దాని ఎదురుగా చెక్క పరీక్ష చేసి చూపించాను. “తాతయ్యా, తలుపుకి పెట్టె కనపడలేదా?” అని అడిగింది. కళ్ళు కట్టేశారమ్మా దానికి, అన్నాను.

డిపోలో ప్రతి బండికీ ఒక కార్డు ఉండేది. ఏ రోజు ఏం చూశాం, ఎవరు చూశారు, సంతకం. అలాంటిదే ఒక అట్టముక్క మీద గీతలు కొట్టి గోడ మీట కింద తగిలించాను. తేదీ, కన్ను, చెక్క, తూకం, నూనె, స్ప్రింగు మార్చిన రోజు. ప్రతి నెలా మొదటి ఆదివారం. చెక్క పెట్టే పని మనవరాలిది, దూరంగా నిలబడి మీట నొక్కేది వాళ్ళ నాన్న. విజయవాడ తిరిగొచ్చాక ఐదు నెలలైంది. నెలనెలా మా అమ్మాయి ఆ అట్ట ఫొటో పంపుతుంది. పోయిన నెల చెక్క గడిలో టిక్కు లేదు, గుండ్రంగా చుట్టి ఉంది. ఫోన్ చేస్తే, తలుపు వెనక్కి తిరగడానికి కాస్త ఎక్కువసేపు పట్టిందట, పనివాడు శుక్రవారం వస్తాడు, అప్పటిదాకా ప్లగ్గు పీకేసి వీధి తలుపునుంచి తిరుగుతున్నామని చెప్పింది.